ఊపిరి తీసికొనుటకు తీరిక

“ఊపిరి తీసికొనుటకైనను తీరిక లేదు” అను మాట మన ఇండ్లలో దినమునకు ఎన్ని మారులు వినబడునో లెక్కించినవారు లేరు. మరమగ్గముల షెడ్డులో పన్నెండు గంటల పాళీ ముగించుకొని వచ్చిన కుమారుడు ఈ మాట అనును. పూనాలో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్న కుమార్తె ఫోనులో ఇదే మాట అనును. ఇంటిలోని ఇల్లాలు మాత్రము ఈ మాట అనుట తక్కువ. అనుటకును ఆమెకు తీరిక లేకపోవుటయే దానికి కారణమై యుండవచ్చును. ఈ కడపటి సంగతి మాకు చాల ఆలస్యముగా తెలిసినది గనుక దానిని గూర్చి తరువాత వ్రాసెదము.

ఆలోచించి చూచినచో ఇది వింతయైన మాట. ఊపిరి తీసికొనుటకు ఎవ్వరును తీరిక చేసికొన నక్కరలేదు. నిద్రలోను, కోపములోను, పద్దులు వ్రాయునప్పుడును అది తనంత తానే సాగుచుండును. ఐనను మన పెద్దలు ఈ మాటను ఊరక పుట్టింపలేదు. బ్రదుకుటకు చాలినంత గాలి అందుచున్నను, తాను బ్రదుకుచున్నానని తెలిసికొనునంత ఎడము దొరకని స్థితి యొకటి కలదు. అట్టి స్థితిలో నున్నవానికి యోగమును, ధ్యానమును ఉపదేశించుట నేడు పరిపాటియైనది. ఆ ఉపదేశము ఎంతవరకు ధర్మము, ఎక్కడ అధర్మమగును అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము. మేము యోగులము కాము, పండితులమును కాము. మెట్రిక్యులేషను చదివి గుమాస్తాపని చేసి విరమించుకొన్నవారము. అలసట యనగా నేమో మాత్రము బాగుగా ఎరుగుదుము.

అలసటలో రెండు రకములున్నవి. ఒకటి ఒడలిది. అది కడుపునిండ తిని ఒక రాత్రి నిద్రించినచో తీరును. రెండవది నిద్రకు లొంగునది కాదు. తెల్లవారి లేచినను రాత్రి పండుకొన్నప్పటి బరువే రొమ్ముమీద నుండును. నిన్నటివరకు ఇష్టముగా చేసిన పని నేడు విసుగు పుట్టించును. ఎదుటివారి మాట ముల్లువలె గ్రుచ్చుకొనును. తాను దేనికిని కొరగానివాడ నను తలంపు లోలోపల పెరుగును. దీపములో నూనె అయిపోయిన తరువాత వత్తియే కాలుట యిది. ఈ స్థితికి 1974వ సంవత్సరమున న్యూయార్కు నగరమునందలి మనస్తత్వశాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఒక వ్యాసమున బర్నవుట్ అను పేరు వాడెను. ఆయన ఒక ఉచిత వైద్యశాలలో పని చేయుచు, ఎంతో ఉత్సాహముతో సేవకు వచ్చినవారే కొంతకాలమునకు ఎట్లు మాడిపోవుచున్నారో కనిపెట్టెను. ఆయనయు ఆ విధముగానే అలసినవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ స్థితిని తన వర్గీకరణమునందు వివరించుచు, ఇది రోగము కాదనియు, పనిచేయు చోట ఎడతెగక కలుగు ఒత్తిడిని సరిగా చక్కబెట్టకపోవుటవలన వచ్చునదనియు చెప్పినది. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. అనగా ఈ అలసటకు చిరునామా మనుష్యుని మనస్సులో మాత్రమే కాదు, అతని పనిశాలలో గూడ కలదు.

పూర్వకాలపు పని శాంతమైనదనియు, యంత్రములు వచ్చి మన శాంతిని హరించినవనియు చెప్పువారు గలరు. మా తాతగారు తెలంగాణపు పల్లె విడిచి ఈ సోలాపూరు చేరి మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుండి చీరలు నేసినవారు. ఆయన శాంతముగా నుండెనని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. ఆయన అప్పుల సంగతి మాకు తెలియును.

ఇక మా సంగతి. ఒక కార్యాలయమున మేము ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా నుంటిమి. మొదట మా విభాగమున నలుగురముంటిమి. ఇద్దరు విరమించిరి, వారి స్థానములు నింపలేదు. మిగిలినవాడు మాకంటె చిన్నవాడు, పని తెలియనివాడు. కూలిపట్టీలు, భవిష్యనిధి లెక్కలు, సెలవుల పుస్తకము అన్నియు మా బల్లమీదికి చేరెను. 2015వ సంవత్సరము జూన్ 21వ తేదీని మొదటి అంతర్జాతీయ యోగ దినోత్సవము దేశమంతట జరిగినది పాఠకులకు జ్ఞాపకముండును. ఆ తరువాత మా పై అధికారికి ఒక ఆలోచన తోచెను. సిబ్బందికి ఒత్తిడి తగ్గుటకై వారమునకు మూడు దినములు, కార్యాలయపు వేళకు అరగంట ముందు, యోగాభ్యాసము జరుగునని నోటీసు వచ్చెను. హాజరుపట్టీ గూడ పెట్టిరి. ఆ హాజరుపట్టీని కూడుట గూడ మాకే ఒప్పగించిరి!

నేర్పుటకు వచ్చిన యువకుడు మంచివాడే. కాని యాబదియేండ్లు దాటిన గుమాస్తాలచేత కాలి వ్రేళ్ళు తాకించుట ఆయనకు పట్టుదల. ప్రక్కవాని చేయి ఎంతదూరము పోయినదో చూచుచు మేమును వంగితిమి. మూడవ వారమున తొడవెనుక నరము పట్టినది. ఇంటికి కుంటుచు వచ్చుచుండగా మా వీథిలోని ఒక పెద్దాయన, బడిపంతులుగా పనిచేసి పూనాలో యోగము నేర్చుకొన్నవారు, కారణమడిగిరి. చెప్పితిమి. ఆయన నవ్వి, “మోకాలును, తొడను ఎందుకు దండిస్తున్నరు? తప్పు చేసింది అవి కావు గద” అనిరి.

ఆ మాటతో మాకు యోగము మొదలైనదని చెప్పవచ్చును.

సౌమ్యమైన యోగమనగా బలహీనులకొరకు తగ్గించిన యోగమని మొదట మేము తలచితిమి. అది పొరపాటు. ఆసనము స్థిరముగాను సుఖముగాను ఉండవలెనను అర్థమునే పతంజలి చెప్పెను గాని, కాలి వ్రేళ్ళను గూర్చి ఆయన చెప్పలేదు. ఆసనముల ఆర్భాటమును వేమన పరిహసించిన సంగతి మనకు తెలిసినదే. మన ఊరినుండి ముంబయికి పోవు రైలుదారిలోనే ఈ విద్యకు రెండు గొప్ప స్థానములున్నవి. లోణావళాలో స్వామి కువలయానంద 1924లో కైవల్యధామమును స్థాపించి ప్రాణాయామమువలన దేహమున కలుగు మార్పులను పరికరములతో పరీక్షింప మొదలిడెను. పూనాలో బి.కె.ఎస్. అయ్యంగారు 1975లో తన సంస్థను నెలకొల్పెను. బాల్యమున మలేరియా, టైఫాయిడు, క్షయ మున్నగు జబ్బులతో కృశించిన ఈయన, మైసూరునందు తన బావయగు కృష్ణమాచార్యులవారి యొద్ద యోగము నేర్చినవాడు. కుర్చీ, దిండు, త్రాడు, కొయ్యదిమ్మ వీనిని ఆధారము చేసికొని, వంగలేనివారికి గూడ ఆసనములను అందుబాటులోనికి తెచ్చినవాడు. తాను జబ్బుపడి లేచినవానికే జబ్బువాని కష్టము తెలియును గదా!

బడిపంతులుగారు మాకు నేర్పినది చాల కొంచెము. వీపు నిటారుగా నుంచి కుర్చీలో కూర్చుండుట. పాదములు రెండును నేలకు ఆనుట. ఊపిరి పీల్చుచు చేతులు మెల్లగా ఎత్తి, విడుచుచు దించుట. మెడను ఆ ప్రక్కకు ఈ ప్రక్కకు త్రిప్పుట. పిమ్మట చాపమీద వెల్లకిల పరుండి, కాళ్ళను మోకాళ్ళవద్ద మడచి పిక్కలను కుర్చీమీద ఆనించి, పది నిమిషములు కదలకుండుట. అప్పుడు చేయవలసినది ఊపిరిని గమనించుట మాత్రమే. నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆరు లెక్కించునంతసేపు విడువవలెను, బిగబట్టరాదు. ఊపిరి పీల్చునప్పుడు గుండె కొంచెము వడిగాను, విడుచునప్పుడు కొంచెము నెమ్మదిగాను కొట్టుకొనును. కావున విడుచుట దీర్ఘమైనకొలది దేహము నిమ్మళించును. రక్తపుపోటు ఎక్కువగా నున్నవారును, కంటిలో నీటి ఒత్తిడిగలవారును తలక్రిందులుగా నుండు ఆసనములను, ఊపిరి బిగబట్టుటను మానవలెనని ఆయన మరిమరి హెచ్చరించిరి. కన్నులు మూసికొన్నచో కొందరికి భయము హెచ్చగును. వారు కన్నులు తెరచియే ఉండవచ్చును, లేదా మెల్లగా నడచుచు అడుగులను గమనింపవచ్చును. దిగులు ముదిరి బ్రదుకుమీద ఆశ సన్నగిల్లినవారు మొదట డాక్టరును చూడవలెను, చాపను కాదు.

ఇట్లు గమనించుటను నేడు మైండ్‌ఫుల్‌నెస్ అని పిలుచుచున్నారు. బౌద్ధులు స్మృతి యనిన దానికి ఇది క్రొత్త వేషము. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అను ఆయన 1979లో మసాచుసెట్సు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో, దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకొరకు ఎనిమిది వారముల శిక్షణగా దీనిని ఏర్పరచెను; అందు సౌమ్యమైన యోగాసనములను గూడ చేర్చెను. ఇక్కడినుండి పోయిన సరుకు రంగుకాగితము చుట్టుకొని తిరిగివచ్చి, మన పిల్లలకు వారి కంపెనీలలో పాఠముగా చెప్పబడుచున్నది. దానిని తప్పు పట్టనేల? మన ఇంటి మాటలో దీనికి చక్కని పేరు కలదు. ఎఱుక. “నాకు ఎరుకే” అని దినమునకు పదిమార్లు అనుచుందుము గాని, మన భుజములు చెవులదాక లేచి బిగుసుకొని యున్న సంగతి మనకు ఎఱుక యుండదు.

బుద్ధుడు చెప్పిన ఒక దృష్టాంతము ఈ విషయమున మాకు మిక్కిలి తోడ్పడినది. ఒకనికి బాణము తగిలినది, అది దేహబాధ. దానిని తలచుకొని ఏడ్చుచు, తిట్టుకొనుచు అతడు తనకు తానే రెండవ బాణమును తగిలించుకొనును, అది మనోబాధ. వివేకి యగువానికి మొదటిది తగిలినను రెండవది తగులదు. ధ్యానమువలన తొలగునది ఈ రెండవ బాణమే. మొదటి బాణమును అది పెరుకదు. పెరుకునని చెప్పువాడు తెలియనివాడైనను కావలెను, విల్లు పట్టుకొన్నవాడైనను కావలెను.

ఈ భేదము మాకు పుస్తకమువలన గాక బీడీలు చేయు మన ఆడవారివలన తెలిసినది. ఈ పట్టణమున మన తెలుగు స్త్రీలు వేలకొలది తరతరములుగా బీడీపనితో సంసారములు ఈదుచున్న సంగతి చెప్పనక్కరలేదు. కూలి వేయింటికి ఇంతయని. తునికియాకు ఇంటికి తెచ్చుకొని, తడిపి, కత్తిరించి, చేట ఒడిలో పెట్టుకొని నడుము వంచి కూర్చున్నచో ప్రొద్దు వాలును. బాగుగా లేవని తీసివేసిన బీడీలకు కూలి లేదు. వారి నడుమునొప్పి, మెడనొప్పి చూచి జాలిపడి, మేమును బడిపంతులుగారును వారికై సాయంకాలము యోగము నేర్పుటకు పూనుకొంటిమి. మొదటిదినము పదిమంది వచ్చిరి, రెండవదినము ముగ్గురు. మూడవదినము చాపలు మాత్రమే ఉండెను. ఒక ఆమెను కారణమడిగితిమి. “అన్నా, కూసునుడు మాకేం నేర్పుతరు? పొద్దంత కూసునుడేనాయె” అని ఆమె అనెను. దానికి మా యొద్ద సమాధానము లేకపోయెను.

అక్కడనే యుండిన ఒక యువకుడు, యూనియను పనులలో తిరుగువాడు, మరి కొంచెము కఠినముగా మాట్లాడెను. “తాతా, మీరు నేర్పే శాంతి ఎవరికి లాభం? నొప్పి తెల్వకుంటె ఇంకో రెండు వందల బీడీలు చేస్తరు. నొప్పి తెలిస్తెనే గద కూలి అడిగేది” అనెను. మాకు కోపము వచ్చెను. చిన్నవాడు పెద్దలతో ఇట్లు మాట్లాడవచ్చునా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. కాని మరునాడు చాపమీద పరుండి ఊపిరి లెక్కించుచుండగా మా కార్యాలయపు నోటీసు మనస్సున మెదలెను. నలుగురి పని ఇద్దరిమీద మోపి, అరగంట ముందు వచ్చి శాంతి నేర్చుకొనుమనిన నోటీసు! ఆ యువకుడు చెప్పినది మాకు జరిగినదే గదా.

ఐనను అతని మాటను మేము పూర్తిగా ఒప్పుకొనలేదు, ఇప్పటికిని ఒప్పుకొనము. నొప్పి యున్నంతకాలమే న్యాయము అడుగుదురన్నచో, న్యాయముకొరకు ఆడవారి నడుములను పణముగా పెట్టినట్లగును. అలసి సొలసినవాడు నిజముగా న్యాయము అడుగునా? మా అనుభవమున అడుగడు. కార్యాలయముమీది కోపమును మేము కార్యాలయమున ఎన్నడును చూపలేదు. అది ఇంటికి వచ్చి అన్నపు పళ్ళెముమీదను, పిల్లల చదువులమీదను, తలుపు గొళ్ళెముమీదను పడుచుండెను. రెండుమారులు దరఖాస్తు వ్రాసితిమి. రెండును తిట్లతో నిండిపోగా చించివేసితిమి. సాధన మొదలిడిన కొన్ని నెలలకు మూడవది వ్రాసితిమి. అందులో ఏ పని ఎవరిది, ఇప్పుడు ఎవరు చేయుచున్నారు, దినమునకు ఎన్ని గంటలు పట్టుచున్నది అని పట్టిక గీసి ఒక పుటలో ముగించితిమి. ఊపిరి సాధన మమ్ము మెత్తబరచలేదు. కోపమునకు సరియైన చిరునామా చూపినది. నాలుగు నెలలకు ఒక తాత్కాలిక గుమాస్తాను ఇచ్చిరి. ఇద్దరిని అడుగగా ఒకనిని ఇచ్చిరి, అంతే.

కాబట్టి ప్రశ్న ధ్యానమును గూర్చినది కాదు, దానిని ఎవరు ఎవరికి చెప్పుచున్నారను దానిని గూర్చినది. ప్రక్కింటివాడు, కష్టమున పాలుగలవాడు, “కొంచెము కూర్చుండి ఊపిరి తీసికొనుము” అన్నచో అది దయ. బరువు మోపినవాడే బరువు దించకుండ ఆ మాట అన్నచో అది మర్యాదగల మోసము. అతడు మొదటి బాణమును రెండవ బాణమని చెప్పి, పెరికికొనవలసిన బాధ్యతను తగిలినవానిపై పెట్టుచున్నాడు. బీడీ స్త్రీల విషయమున మేము ఏ పక్షమున నుంటిమో తేల్చుకొనుటకు కొంతకాలము పట్టినది. తరువాత బడిపంతులుగారు వారిని పిలుచుట మాని, వారు కూర్చుండు అరుగులయొద్దకే పోయి, కట్ట కట్టినప్పుడెల్ల ఒక్కసారి వీపు నిలిపి, దూరమునకు చూచి, భుజములు జారవిడిచి, దీర్ఘముగా ఊపిరి విడువుమని చెప్పిరి. కొందరు చేయుచున్నారు. ఆ యువకుని కూలి సభలకును వారే పోవుచున్నారు. ఈ రెండింటికిని వైరము వారికి కనబడలేదు.

నిశ్చలముగా కూర్చుండుటవలన అన్యుల తప్పులే కనబడినచో ఈ వ్యాసము సుఖముగా ముగిసియుండెడిది. కాని ఎఱుక అట్టి పక్షపాతము గలది కాదు. మా బల్లమీది బరువులో కొంత మేమే దాచుకొన్నదని ఒక ఉదయమున స్పష్టముగా తెలిసెను. మాసాంతమున కూలిపట్టీ ముగించు పద్ధతిని మేము మా చిన్నవానికి నేర్పలేదు. “నీకు రాదులే, నేనే చూచెదను” అనుచు అయిదేండ్లు గడిపితిమి. మేము లేనిదే ఆ కాగితము కదలదనుట మాకు లోలోపల ఒక పండుగ. అలసితిమని వాపోవుచునే ఆ పండుగను మానలేకపోతిమి. మూడుదినములలో అతనికి నేర్పితిమి. అతడు మాకంటె వేగముగా చేసెను. అది చూచి సంతోషించితిమని వ్రాయుటకు కలము సాగుటలేదు.

ఇక మొదట చెప్పెదమన్న సంగతి.

మా ఊరిలో నల్లా ప్రతిదినము రాదు. కొన్ని దినములకొకసారి వచ్చును. వచ్చునప్పుడు వేళ చూచుకొని రాదు. వచ్చినదన్నచో డ్రమ్ములు, బిందెలు, గంగాళములు అన్నియు నిండవలెను. మేము తెల్లవారుజామున అయిదు గంటలకు ముందుగదిలో సాధనకు కూర్చుండెడివారము. వెనుకవైపున మా ఇల్లాలు నీళ్ళు పట్టుచుండెడిది. బిందెల చప్పుడునకు మా ఊపిరి లెక్క తప్పెడిది. “మెల్లగా పెట్టరాదా” అని పలుమార్లు కేకవేసితిమి. ఇట్లు ఏడాదికి పైగా జరిగినది. ఒకనాడు ఆమె తడిచేతులతో వచ్చి గడపలో నిలుచుండి, “మీరు కండ్లు మూసుకుంటే నాకు కన్ను మూసే సందు లేకపాయె” అని చెప్పి వెళ్ళిపోయెను. అప్పుడే ధ్యానమునుండి లేచిన మేము, ఎంత శాంతముగా నుండవలెనో చూడుడు, ఆ దినమంతయు ఆమెతో మాటాడలేదు.

ఒకరి శాంతి మరియొకరి నిద్రతో కొనబడినచో దానిని శాంతి యనవచ్చునా? శాస్త్రములలో దీనికి సమాధానమున్నదేమో గాని, మేము వెదకలేదు. వెదకుటకు ముందే నీళ్ళు వచ్చెను. లేచి పైపు పట్టుకొంటిమి. అప్పటినుండి నల్లా వచ్చు దినమున నీళ్ళు మా వంతు. యోగము నేర్పెదమని ఆమెను గూడ కుర్చీలో కూర్చుండుమంటిమి. “నన్ను కూసోబెట్టి ఇంకో పని చెప్తరా?” అనెను. మరి ఏమి కావలెనని అడిగితిమి. పెండ్లియైన ముప్పది యారేండ్లలో ఈ ప్రశ్న ఈ రీతిగా అడుగుట అదియే మొదలు. సాయంకాలము చాయ త్రాగిన తరువాత వీథి అరుగుమీద ఒక అరగంట కూర్చుండవలెననియు, ఆ అరగంటలో తనను ఎవ్వరును పిలువరాదనియు ఆమె చెప్పెను. అంతకంటె ఏమియు అడుగలేదు.

ఇప్పుడు ఆమె అట్లే కూర్చుండును. కన్నులు మూయదు. ఊపిరి లెక్కింపదు. వీథిలో పోవువారిని చూచును, ఒక్కొక్కప్పుడు చూడను గూడ చూడదు. ఏమి ఆలోచించుచున్నదో మేము అడుగుట మానితిమి. మొన్న ఒకనాడు నల్లా సరిగా ఆ వేళకే వచ్చెను. మేము వెనుకకు పోయి పైపు డ్రమ్ములో వేసి, నీరు నిండువరకు సాధన చేయుదమని గోడకు ఆనుకొని నాలుగు, ఆరు లెక్కింపసాగితిమి. లెక్క ఎంతవరకు పోయెనో తెలియదు. వీథి అరుగుమీదినుండి ఆమె కంఠము వినబడెను:

“డ్రమ్ము నిండింది, పైపు తీయుండ్రి. నీళ్ళు పారుతున్నయ్.”